ఒడ్డు కనిపించనంత దూరంలో ట్యూనాను ఎక్కడ వెతకాలి?

కొత్తతెడ్డు:
అందరికీ నమస్కారం. తీరానికి దగ్గరలో గాలం వేయడం నాకు అలవాటే. అక్కడ రాతిదిబ్బ ఎక్కడుందో, ఏటి నీరు ఎక్కడ కలుస్తుందో తెలిస్తే చేప ఎక్కడుంటుందో ఊహించవచ్చు. లోతు వెయ్యి మీటర్లు దాటాక ఆ ఆనవాళ్లేవీ ఉండవు. నాలుగు దిక్కులా ఒకటే నీలం. ఇద్దరు మిత్రులతో కలిసి ఎనిమిది మీటర్ల పడవలో ఎల్లోఫిన్ ట్యూనా కోసం వెళుతున్నాం. ధ్వని పంపి నీటి అడుగును, చేపల్ని చూపే ఎకో సౌండర్, జీపీఎస్ ఉన్నాయి, రాడార్ లేదు. ఎరలు లాక్కుంటూ గంటల తరబడి తిరిగితే ఎప్పుడో ఒకటి పడుతుంది. అది అదృష్టమో పద్ధతో తేలడం లేదు. లంగరు ఎత్తే ముందు మీరు ఏం చూస్తారు? నీటి మీదికి వెళ్లాక దేన్నిబట్టి దారి మార్చుకుంటారు?

దిక్సూచి:
చేప సంగతి తరువాత, ముందు నీటిని వెతకండి. బయలుదేరే ముందు రోజు రాత్రి నేను మూడు ఉపగ్రహ చిత్రాలు చూస్తాను. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ (నీటిలోని ఆకుపచ్చదనం), సముద్ర మట్టపు ఎత్తు. మూడూ ఉచితంగానే దొరుకుతాయి.

ఎల్లోఫిన్ సుమారు 20 నుంచి 30 డిగ్రీల నీటిలో తిరుగుతుంది. కాబట్టి ‘27 డిగ్రీలు ఎక్కడుంది?’ అని వెతికితే సముద్రంలో సగం అదే కనిపిస్తుంది, ఏ ఉపయోగమూ లేదు. రెండు మూడు మైళ్ల దూరంలోనే ఒక డిగ్రీ తేడా వచ్చే చోటు ఎక్కడుందో చూడండి. రెండు రకాల నీళ్లు ఎదురుపడిన అంచు అది. అక్కడ తేలియాడేవన్నీ పోగవుతాయి. వాటి వెంట చిన్న చేపలు, చిన్న చేపల వెంట పెద్దవి. క్లోరోఫిల్ చిత్రంలో కూడా ఆకుపచ్చ నీరు నీలి నీటికి తగిలే గీత అక్కడే కనిపిస్తే ఇక ఆలోచించనవసరం లేదు.

గీతకు ఏ వైపు? నీలం వైపు. ట్యూనా కంటితో చూసి వేటాడే చేప, మురికి నీటిలో దానికి పని జరగదు. తిండి ఆకుపచ్చ వైపు పుడుతుంది, వేట స్పష్టమైన నీటి వైపు జరుగుతుంది.

ఒక జాగ్రత్త. ఉష్ణోగ్రతను పరారుణ కిరణాలతో కొలిచే ఉపగ్రహానికి మబ్బు అడ్డు. అందుకే చాలా వెబ్‌సైట్లు నాలుగైదు రోజుల చిత్రాలను కలిపి ఒకటిగా చూపిస్తాయి. అందులో అంచు అలుక్కుపోయి ఉంటుంది, పైగా ఈలోగా ప్రవాహంతో జరిగిపోయి ఉంటుంది. చిత్రం ఏ తేదీదో చూసుకోకుండా పడవ విప్పకండి.

ఉప్పుగాలి:
దిక్సూచి గారి ఉష్ణోగ్రత చిత్రం నీటి పైచర్మాన్ని చూపించేదే. ఎండ బాగా కాసి గాలి పడిపోయిన మధ్యాహ్నం ఆ చర్మం ఎక్కడ చూసినా ఒకేలా వేడెక్కి అంచు మాయమవుతుంది. కింద నీరు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. నేను చిత్రం చూసి దిక్కు తేల్చుకుంటాను. ఆ తరువాత నా దారి పక్షులదే.

పక్షులంటే అన్నీ ఒకటి కావు. టెర్న్‌లు అనే చిన్న సముద్రపు పక్షులు గుంపుగా కిందికి దూకుతూ, లేస్తూ, మళ్లీ దూకుతూ ఉంటే అడుగున చేపలు ఎరచేపల్ని పైకి తరుముతున్నాయని అర్థం. అవే టెర్న్‌లు నీటి మీద కూర్చుని ఉంటే మేత ఇప్పుడే అయిపోయింది, లేదా ఇంకా మొదలు కాలేదు. ఆ చోటును వదలకుండా చుట్టుపక్కలే తిరగండి. ఒకే దిక్కుకు వేగంగా, తక్కువ ఎత్తులో ఎగిరిపోతున్న పక్షుల వెంట వెళ్లండి. వాటికి మనకంటే ముందే సంగతి తెలిసింది. ఇక ఫ్రిగేట్ పక్షి. దాని ఈకలు నీళ్లలో తడిసిపోతాయి, అందుకే అది నీటి మీద వాలదు. పైకి ఎగిరిన చేపను గాలిలోనో, నీటి పైనుంచో ఎగురుతూనే అందుకోవాలి. కాబట్టి ఎత్తున తిరుగుతూ పెద్ద చేప ఎరను పైకి నెట్టే క్షణం కోసం కాచుకుంటుంది. ఒంటరి ఫ్రిగేట్ మెల్లగా కిందికి దిగుతోందంటే నేను చేతిలో టీ గ్లాసు ఉన్నా కింద పెట్టేస్తాను.

మీ పడవకు రాడార్ లేదన్నారు, కనుక మీ కన్నే రాడార్. కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే దిగంతం ఐదు కిలోమీటర్లే. నాలుగు మీటర్ల ఎత్తుకెక్కితే ఏడు. పక్షి గాలిలో ఉంటుంది కనుక ఇంకా దూరం నుంచే దొరుకుతుంది. ఒకరు ఎత్తైన చోట నిలబడి బైనాక్యులర్స్‌తో దిగంతాన్ని ముక్కలు ముక్కలుగా వెతకాలి. ముగ్గురూ కూర్చుని ఎరల వంక చూస్తుంటే చేపలు దొరకవు.

జలరేఖ:
ముగ్గురూ ఫోన్ల వంక చూస్తుంటే అసలే దొరకవు.

లెక్కలపుస్తకం:
ఉప్పుగాలి గారు పైచర్మం మాట ఎత్తారు కనుక కింది సంగతి చెబుతాను. నా దృష్టిలో ఈ వేటలో అందరూ దాటేసే అసలు విషయం అదే.

పైనున్న వెచ్చని పొర ముగిసి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే మట్టాన్ని థర్మోక్లైన్ అంటారు. ట్యూనా తన కండరాల వేడిని బయటికి పోనివ్వదు. లోపలికి వెళ్లే రక్తనాళాలు, బయటికి వచ్చేవి పక్కపక్కనే అల్లుకుని ఉండి వేడిని తిరిగి లోపలికే పంపిస్తాయి. అందుకే దాని ఈతకండరాలు చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంటాయి. గుండెకు మాత్రం ఆ సౌకర్యం లేదు. మొప్పల నుంచి వచ్చే చల్లని రక్తంతోనే అది కొట్టుకోవాలి. ఎల్లోఫిన్ ఉపరితలం కంటే ఎనిమిది డిగ్రీలకు మించి చల్లగా ఉన్న నీటిలోకి దిగినా అక్కడ ఎక్కువ సేపు నిలవలేకపోవడానికి కారణం ఇదే. బిగ్‌ఐ ట్యూనా చలిని, తక్కువ ఆక్సిజన్‌ను బాగా తట్టుకుంటుంది. పగలు 300 నుంచి 500 మీటర్ల లోతున మేస్తూ, మధ్యమధ్య ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి పైకి వచ్చిపోతుంది.

దీనితో మనకేం పని? థర్మోక్లైన్ 40 మీటర్ల దగ్గరుంటే ఎల్లోఫిన్ ఎక్కువగా ఆ 40 మీటర్లలోనే ఇరుక్కుని ఉంటుంది. పైన లాగే ఎర దాని కంట పడుతుంది. అదే 150 మీటర్లకు దిగితే అంతే చేప నాలుగింతల నీటిలో చెదిరిపోతుంది. పైన పక్షీ ఉండదు, అలజడీ ఉండదు. పసిఫిక్ తూర్పు భాగంలో వలలతో ట్యూనా మందలను చుట్టేసే ఓడలకు అంత బాగా చిక్కడానికి అక్కడి థర్మోక్లైన్ పైకి ఉండటం ఒక పెద్ద కారణం. దాని కింద ఆక్సిజన్ కూడా తక్కువ, చేప కిందికి తప్పించుకోలేదు.

కొత్తతెడ్డు:
ఇది నేను ఎక్కడా వినలేదు. మా చిన్న పడవలో థర్మోక్లైన్ ఎంత లోతుందో తెలుసుకునే మార్గం ఉందా?

లెక్కలపుస్తకం:
మూడు దారులు చెబుతాను. సముద్ర మట్టపు ఎత్తు చిత్రంలో ఉబ్బెత్తుగా కనిపించే చోట వెచ్చని పొర మందంగా ఉంటుంది, పల్లంగా ఉన్న చోట థర్మోక్లైన్ పైకి వస్తుంది. ఇక ఆర్గో తేలికలు, అంటే సముద్రంలో తేలుతూ కొలతలు తీసే పరికరాలు. ప్రపంచ సముద్రాలన్నిటిలో కలిపి దాదాపు 4000 ఉన్నాయి. రెండు కిలోమీటర్ల లోతు వరకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. మీకు దగ్గరలో ఉన్న తేలిక తాజా కొలత ఎవరైనా చూడవచ్చు. మూడోది మీ సౌండర్. గెయిన్ (ప్రతిధ్వనిని పట్టే సున్నితత్వం) పెంచితే ఒక్కోసారి ఒకే లోతులో సన్నని పొగలాంటి గీత సాగుతూ కనిపిస్తుంది. ఆ మట్టంలో నిలిచిన ప్లవకజీవుల ప్రతిధ్వని అది.

సౌండర్ గురించే ఇంకో మాట. స్కిప్‌జాక్ అనే చిన్న రకం ట్యూనాకు ఈతసంచి ఉండదు. చిన్న ఎల్లోఫిన్‌లో అది సరిగా ఎదిగి ఉండదు. సంచిలోని గాలే ధ్వనిని బలంగా తిప్పికొడుతుంది కనుక ఇవి తెర మీద పలచగానే పడతాయి. పైగా 20 డిగ్రీల కోణంతో చూసే సౌండర్ 50 మీటర్ల లోతున చూసేది పదిహేడు పద్దెనిమిది మీటర్ల వెడల్పే. తెర ఖాళీగా ఉందని నీరు ఖాళీ అనుకోకండి.

లంగరు:
తేలే వస్తువుల సంగతి ఎవరూ ఎత్తలేదు. చెట్టు మొద్దు, తెగిన తాడు, చెక్క పలక, నాచు గీత, ఏదైనా సరే. నడి సముద్రంలో నీడ పడే ప్రతిదాని కింద ఒక చిన్న లోకం ఉంటుంది. కొత్తగా కొట్టుకొచ్చినదానికంటే గవ్వపురుగులు పట్టి పాతబడినదాని కిందే చేప ఎక్కువ.

పడవను తిన్నగా దాని మీదికి తోలవద్దు. ట్యూనా చాలాసార్లు ప్రవాహం వచ్చే వైపున, వస్తువుకు కాస్త ఎడంగా ఉంటుంది. అందుకని ముందు ఆ వైపు నుంచి దూరంగా ఒక చుట్టు చుట్టండి. వస్తువును ఆనుకుని చిన్నవి, వాటి కింద లోతున పెద్దవి ఉంటాయి. పైన చిన్నవే పడుతుంటే జిగ్‌ను (బరువైన లోహపు ఎరను) 60, 80 మీటర్లకు దించి చూడండి. అన్నిటికంటే మంచి సమయం తెల్లవారుజాము. తేలే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే వేట సంగతి దేవుడెరుగు, ఇల్లు చేరడమే గగనం. ఒకరిని ముందు నిలబెట్టండి.

దిక్సూచి:
లంగరు గారూ, చేపల్ని పోగు చేయడానికి మనుషులు కావాలని వదిలే తెప్పల మీద వేటను కూడా మీరు ఇందులో కలుపుతున్నారా? వాటి కింద స్కిప్‌జాక్‌తో పాటు పిల్ల బిగ్‌ఐ, పిల్ల ఎల్లోఫిన్ పెద్ద ఎత్తున చిక్కుతాయి. తెప్పలకు వేలాడదీసిన పాత వలల్లో సొరచేపలు, తాబేళ్లు చిక్కుకుని చస్తాయి.

లంగరు:
మీరు చెప్పింది వల వేసి మందను మొత్తంగా ఎత్తే ఓడల సంగతి. నేను గాలం గురించి మాట్లాడుతున్నాను. గాలానికి పిల్ల చేప పడితే వదిలేయవచ్చు, వలలో ఆ వీలు లేదు. తెప్పలకు వలలు కట్టకూడదని, చేపలు చిక్కుకోని విధంగా తయారు చేయాలని ట్యూనా నిర్వహణ సంఘాలు నిబంధనలు పెట్టాయి. ఆ విషయంలో మీతో నాకు పేచీ లేదు.

దిక్సూచి:
సరే. అయినా బిగ్‌ఐ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ‘హాని పొందగల’ వర్గంలో ఉంది. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా 2021లో ‘ప్రమాదంలో ఉన్న’ వర్గం నుంచి ‘ఆందోళన తక్కువ’ వర్గానికి మారింది. కోటాలు కఠినంగా అమలు చేస్తే కోలుకుంటుందని దానితో తేలింది. కొత్తతెడ్డు గారూ, మీ జలాల్లో లైసెన్సు, కనీస పొడవు, రోజుకు ఎన్ని అన్నవి ముందే చూసుకోండి. చిన్నతనంలో బిగ్‌ఐ, ఎల్లోఫిన్ ఒకేలా ఉంటాయి, ఆ తేడా కూడా నేర్చుకోండి.

తెరచాప:
వెతకడం అయింది, పట్టడం సంగతి నేను చెబుతాను. ఎరలు లాగడానికి ఆరు నుంచి ఎనిమిది నాట్ల వేగం. చిన్న ఎరలు, నాలుగైదు దారాలు చాలు. పడవ వెనక నురగ తెల్లగా ఉన్నచోట ఒకటి రెండు, నురగ పక్కన తేటనీటిలో రెండు, బాగా దూరంగా ఒకటి. నురగ దగ్గర ఎర వేస్తే చేప బెదిరిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ట్యూనా ఆ నురగ లోపలికే వచ్చి కొడుతుంది.

మంద కనిపించగానే దాని మధ్యలోంచి పడవను తోలితే ఇంజిన్ మోతకు అంతా మునిగిపోతుంది. మంద ఎటు కదులుతోందో చూసి, ముందుకు వెళ్లి, విశాలంగా మలుపు తిప్పాలి. పడవ బయటే ఉండాలి, ఎరలు మాత్రం మంద అంచును రాసుకుంటూ పోవాలి.

ఒకటి తగలగానే ఇంజిన్ ఆపేయకండి. పది పదిహేను సెకన్లు అదే వేగంతో వెళితే మిగతా ఎరలకూ తగులుతాయి. ఈలోగా ఒకరు జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టాలి. చేపతో కుస్తీ పడుతుండగా పడవ ఎంత దూరం కొట్టుకుపోతుందో తెలియదు. అది ముగిశాక తిరిగి వెళ్లాల్సింది అక్కడికే.

జలరేఖ:
మాకు ఎదురైన వింత చెబుతాను. కళ్లముందే చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి, నీరు ఉడుకుతోంది, పైన పక్షులు. ఎరను మాత్రం ఒక్కటీ ముట్టదు. రంగులన్నీ మార్చి చూశాం. ఎవరైనా దీనికి కారణం చెప్పండి, లేకపోతే అవి మమ్మల్ని చూసి నవ్వుతున్నాయని నమ్మేస్తాను.

ఉప్పుగాలి:
రంగు వదిలేసి సైజు చూడండి. ట్యూనా ఒక్కోసారి వేలెడంత కూడా లేని పిల్ల చేపల్ని, పీతల పిల్లల్ని మేస్తుంది. అంతటి చేప అంత చిన్న మేతకు అలవాటు పడితే దాని నోటికి వేరే సైజు కనబడదు. పట్టిన చేప ఉంటే కడుపు కోసి చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. తరువాత మీ దగ్గరున్న అన్నిటికంటే చిన్న జిగ్, సన్నని ఫ్లూరోకార్బన్ దారం. ఇంజిన్‌ను మంద దారికి ముందు ఆపేసి, గాలి మిమ్మల్ని మెల్లగా మంద వైపు తోసేలా నిలబడి, విసరండి. లాగే ఎరల్ని వదిలిన మంద విసిరిన ఎరను చాలాసార్లు పట్టుకుంటుంది.

సార్డైన్ ముక్కల్ని కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతూ ఉండటం మరో దారి. ఒక ముక్క కంటికి కనిపించకుండా మునిగాక మరొకటి. గాలం ఉన్న ముక్క కూడా వాటితో పాటే, అదే వేగంతో మునగాలి. దారం బిగుసుకుంటే ముక్క మిగతావాటిలా పడదు, ట్యూనా ఆ తేడా పసిగడుతుంది. గుండ్రటి గాలం వాడితే కొట్టిన వెంటనే కర్రను గుంజకండి. చేప తిరిగి వెళుతుంటే దారం బిగిస్తే చాలు, గాలం తనంతట తానే మూతి మూలకు పట్టుకుంటుంది.

కొత్తతెడ్డు:
పౌర్ణమి రోజుల్లో వెళ్లకూడదంటారు. నిజమేనా?

తెరచాప:
నిజమే. రాత్రంతా వెన్నెట్లో మేసి పగలు ఎర ముట్టదు.

ఉప్పుగాలి:
పౌర్ణమికే నాకు మంచి చేపలు పడ్డాయి.

లెక్కలపుస్తకం:
రికార్డు పరికరాలు కట్టిన బిగ్‌ఐ వెన్నెల రాత్రుల్లో మామూలుకంటే లోతుగా ఈదుతుందని కొలిచి చూశారు. అది రాత్రి సంగతి. దాన్ని పట్టుకుని పగటి ఎల్లోఫిన్ మీద తీర్పు చెప్పడం కుదరదు. సెలవు దొరికిన రోజు వెళ్లండి.

లంగరు:
చేప తగిలాక జరిగేది కూడా మాట్లాడుకుందాం, దెబ్బలు తగిలేది అప్పుడే. డ్రాగ్‌ను, అంటే దారం జారకుండా రీలు పట్టే బిగువును, దారం తెగే బలంలో మూడో వంతుకు మించనివ్వకండి. 24 కిలోల దారమైతే 8 కిలోలు, అదీ స్ప్రింగు కాటాతో కొలిచి పెట్టాలి, చేతి అంచనాతో కాదు. వందల మీటర్ల దారం బయట ఉంటే నీటి ఈడ్పు కూడా కలుస్తుంది. అప్పుడు డ్రాగ్ ఇంకా బిగించడమంటే తెంపుకోవడమే.

చివరికి చేప పడవ కిందికి వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. దాని తల మీ వైపు తిరిగిన సగం చుట్టులో దారం చుట్టుకోవాలి, అవతలి సగంలో పట్టుకుని ఊరుకోవాలి. ఎంతకీ పైకి రాకపోతే పడవను కొద్దిగా ముందుకు నడిపి దారం కోణం మార్చండి. గాలం కట్టిన చివరి దారాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేతికి చుట్టుకోవద్దు. చేపను పైకి లాగే కొక్కెం తలకే వేయాలి. ఒంట్లో వేస్తే మాంసం పాడవుతుంది, చేపకు బలం ఇంకా ఉంటే మనిషినీ లాగేస్తుంది.

ఇంధనం మూడు భాగాలు. ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి, ఒకటి ముట్టుకోకుండా ఉంచడానికి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ వింటూ ఉండండి. 406 మెగాహెర్ట్జ్ ప్రమాద సంకేత పరికరం లేకుండా ఒడ్డు దాటి అంత దూరం వెళ్లడం మొండితనం.

జలరేఖ:
పట్టిన చేప గురించి నేను చెబుతాను, మగవాళ్లు ఫోటో దగ్గరే ఆగిపోతారు. పోరాడిన ట్యూనా ఒళ్లు లోపల కాగిపోతూ ఉంటుంది. డెక్కు మీద ఎండలో వదిలేస్తే మాంసం పాలిపోయి, నీరు కారి, పుల్లగా తయారవుతుంది. పైకి రాగానే కళ్ల మధ్య మెత్తటి చోట మేకుతో పొడిచి మెదడును చంపాలి. తరువాత పక్క రెక్క మొదలుకు రెండు మూడు వేళ్ల వెనక, రెక్క ఇమిడే గాడిలో, రెండు వైపులా లోతు లేని గాటు పెట్టాలి. అక్కడ రక్తనాళం పైనే ఉంటుంది. మొప్పల దగ్గర కూడా కోసి రక్తం పోనివ్వాలి. ఆ తరువాత ఉప్పునీరు కలిపిన ఐసు గుజ్జులో మొత్తం మునగాలి. నీళ్లు లేని ఐసు గడ్డల మీద పడుకోబెడితే తగిలిన చోటే చల్లబడుతుంది.

ఇది రుచి కోసం మాత్రమే చెప్పడం లేదు. చల్లబరచడం ఆలస్యమైతే బాక్టీరియా చేపలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని హిస్టమిన్ అనే విషంగా మారుస్తుంది. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఉడికించినా పోదు, గడ్డకట్టించినా పోదు. ఐసు సరిపోనంత చేప పట్టకండి.

కొత్తతెడ్డు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. అంచు దగ్గరికి చేరాక పక్షులు లేవు, ఎర ముట్టలేదు అనుకోండి. ఎంతసేపు ఉండాలి? వేరే చోటుకు పరుగెత్తాలా?

దిక్సూచి:
అంచు వెంట పొడవునా వెళ్లండి, దాన్ని వదలకండి. గీత సూటిగా ఉన్నచోట కంటే వంపు తిరిగినచోట, ముక్కులా పొడుచుకొచ్చినచోట నీరు ఎక్కువ పోగవుతుంది. అటూ ఇటూ దాటుతూ మెలికలుగా వెళితే ఉష్ణోగ్రత మీటరే మీకు దారి చెబుతుంది. అంచు అడుగున సముద్రగర్భ పర్వతం లాంటిది ఉంటే అక్కడ ఆగండి.

ఉప్పుగాలి:
ఇందులో దిక్సూచి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఇది రాసి పెట్టుకోండి. అంచు మీద ఎగిరే చేపలు, చిన్న స్క్విడ్‌లు, సౌండర్‌లో ఎర మేఘం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మధ్యాహ్నం దాకా కదలవద్దు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అంతా మందగిస్తుంది. పొద్దు వాలుతుంటే మళ్లీ లేస్తాయి. నీరు ఎడారిలా ఉంటే మాత్రం మొహమాటం లేకుండా వెళ్లిపోండి.

కొత్తతెడ్డు:
ఈ వారం మా వైపు మబ్బు పట్టి ఉంది. ఉష్ణోగ్రత చిత్రమంతా తెల్లగా ఖాళీగా వస్తోంది.

దిక్సూచి:
మైక్రోవేవ్ కొలతలు చూడండి, అవి మబ్బులోంచి కూడా వస్తాయి. ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు ఉంటుంది కనుక అంచు స్థూలంగానే తెలుస్తుంది. దానితో పాటు సముద్ర మట్టపు చిత్రం తీసుకుని, సుడి (అందులో గుండ్రంగా ఉబ్బెత్తుగానో పల్లంగానో కనిపించే చోటు) అంచు ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టి ఇక్కడ పెట్టండి. బయలుదేరే ముందు చూసి చెబుతాను.

లంగరు:
ఆ మబ్బు ఉరుముల మబ్బైతే అసలు బయలుదేరకండి.